నికాహ్ డిస్కు కంప్యూటర్లో తెరుచుకోకపోతే

మన ఇళ్లలో బీరువా అరల్లో, పెళ్లి బట్టల నడుమ భద్రపరచిన డీవీడీలు ఒకటో రెండో తప్పక ఉంటాయి. నికాహ్, వలీమా దృశ్యాలు, నేడు మన మధ్య లేని దాదా, నానీల మాటలు, ఇప్పుడు కాలేజీకి వెళ్తున్న పిల్లల తొలి అడుగులు వాటిలోనే ఉన్నాయి. డీవీడీ ప్లేయర్ ఏనాడో మూలపడింది. కంప్యూటర్లో పెట్టి చూద్దామంటే బొమ్మ రాదు. అంతమాత్రాన డిస్కు పాడైపోయిందని నిర్ణయించుకోవడం తగదు. లోపం డిస్కులో ఉండవచ్చు, దానిని చదివే డ్రైవులో ఉండవచ్చు, చూపించే సాఫ్ట్‌వేర్‌లో ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవడమే మొదటి పని.

డిస్కును డ్రైవులో ఉంచి, కంప్యూటర్ ఫోల్డర్లు కనిపించేచోట డీవీడీ డ్రైవు గుర్తును తెరవండి. అందులో ‘వీడియో_టీఎస్’ అనే ఫోల్డరు, దాని లోపల ‘వీఓబీ’, ‘ఐఎఫ్‌ఓ’ అనే పేర్లతో ముగిసే ఫైళ్లు కనిపిస్తే డ్రైవు డిస్కును గుర్తించిందని అర్థం. అప్పుడు ముందుగా అనుమానించవలసింది సాఫ్ట్‌వేర్‌ను. ఏమీ కనిపించకపోతే మరొక డీవీడీ పెట్టి చూడండి. అది తెరుచుకుంటే లోపం మొదటి డిస్కుది. ఏ డిస్కూ తెరుచుకోకపోతే లోపం డ్రైవుది.

సాఫ్ట్‌వేర్ సంగతి చూద్దాం. డీవీడీలోని దృశ్యాలు ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించి ఉంటాయి. వాటిని విప్పి చూపే డీకోడర్ లేనిదే బొమ్మ రాదు. విండోస్ 7 హోం ప్రీమియంలో ఆ సదుపాయం ఉండేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి మైక్రోసాఫ్ట్ విండోస్ మీడియా ప్లేయర్‌లో డీవీడీ చూపే సదుపాయాన్ని తొలగించింది. కనుక పాత కంప్యూటర్లో చక్కగా ఆడిన డిస్కు కొత్తదానిలో ఆడకపోవడం వింత కాదు.

దీనికి పైసా ఖర్చు లేని పరిష్కారం వీఎల్‌సీ ప్లేయర్. దీనికి కావలసిన డీకోడర్లు దానిలోనే ఉంటాయి. వీడియోల్యాన్ సంస్థ సొంత వెబ్‌సైటు నుండే దానిని దింపుకోండి. ‘డీకోడర్ ఉచితం’ అంటూ ఎదురయ్యే ప్రకటనలను నొక్కితే వైరస్‌ను చేతులారా ఇంటికి ఆహ్వానించినట్లే. వీఎల్‌సీలో ‘మీడియా’ మెనూ నుండి ‘ఓపెన్ డిస్క్’ ఎంచుకుని, ‘నో డిస్క్ మెనూస్’ అన్న గడిలో టిక్కు పెట్టి ‘ప్లే’ నొక్కండి. మెనూ భాగం దెబ్బతిన్న డిస్కులు సైతం ఈ విధంగా తరచూ ఆడతాయి. బొమ్మ వచ్చి మాట వినిపించకపోతే ‘ఆడియో ట్రాక్’ మార్చి చూడండి. మనుషులు కదిలినప్పుడు దువ్వెన పళ్లవంటి అడ్డగీతలు కనిపిస్తే ‘వీడియో’ మెనూలో ‘డీఇంటర్లేస్’ ఆన్ చేయండి.

ఇక డిస్కు. డీవీడీలో సమాచారం నడుమ నుండి అంచు వైపుగా సర్పిలాకారంలో సాగుతుంది. చిత్రం బాగా మొదలై కొంతసేపటికి ఆగిపోతూ ఉంటే అంచు వైపు వేలిముద్రలో గీతలో ఉన్నాయేమో పరిశీలించండి. మెత్తని నూలుబట్టతో నడుమ నుండి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తిప్పుతూ తుడవరాదు. అడ్డంగా పడిన చిన్న గీతను డ్రైవు సరిదిద్దుకోగలదు. సర్పిలం వెంబడి సాగిన గీత మాత్రం చాలా సమాచారాన్ని ఒకేసారి చెరిపివేస్తుంది. రికార్డు చేసిన యంత్రంలో మాత్రమే ఆడి ఇతరచోట్ల ఆడని డిస్కు అయితే, దానికి ‘ఫైనలైజ్’ అనే చివరి పని జరిగి ఉండకపోవచ్చు. ఆ యంత్రం ఉన్నవారి వద్దనే ఆ పని పూర్తి చేయించుకోవాలి.

డ్రైవు లేని ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ డ్రైవు కలుపుకోవచ్చు. డిస్కు తిరగబోయి ఆగిపోతుంటే దానికి విద్యుత్తు చాలడం లేదేమో చూడండి. హబ్‌కు కాక నేరుగా కంప్యూటర్‌కే తగిలించండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: డిస్కు తెరుచుకున్న నాడే నకలు తీసుకోండి. స్టూడియోవారు రాసిచ్చే డిస్కుల్లో సమాచారం ఒక రంగుపొరలో ఉంటుంది. ఎండకు, వేడికి అది క్రమంగా క్షీణిస్తుంది. నేడు తెరుచుకున్నది వచ్చే ఏడు తెరుచుకుంటుందన్న భరోసా లేదు. ‘వీడియో_టీఎస్’ ఫోల్డరును యథాతథంగా కంప్యూటర్లోకి కాపీ చేయండి. మామూలు డిస్కులో పట్టేది 4.7 జీబీ మాత్రమే. 32 జీబీ పెన్‌డ్రైవులో అటువంటివి ఆరు ఇముడుతాయి. ఒక ప్రతి ఇంట్లో, మరొకటి అక్కాచెల్లెళ్లలో ఎవరి వద్దనైనా ఉంచండి.

ఈ పని ఇంట్లోనే నేర్చుకోవాలనడానికి మరో కారణం ఉంది. నికాహ్ డిస్కుల్లో స్త్రీల విభాగంలో తీసిన దృశ్యాలూ ఉంటాయి. వాటిని మనవారి కొరకే తీయించుకున్నాం. డిస్కును దుకాణంలో వదిలి వస్తే అవి అపరిచితుల కంప్యూటర్లో మిగిలిపోయే అవకాశం ఉంది. దుకాణానికి వెళ్లక తప్పకపోతే ఇంటివారొకరు దగ్గర కూర్చుని కాపీ చేయించాలి. పని ముగిశాక అక్కడి ఫైళ్లను, రీసైకిల్ బిన్‌ను సైతం ఖాళీ చేయించి రావాలి. ఆ దృశ్యాల్లో కనిపించే ప్రతి స్త్రీ గౌరవమూ మన చేతిలోని అమానతే.

ఈ సెలవుదినాన బీరువా తెరవండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క డిస్కుతో ఆరంభించండి. అందరికంటే పెద్దవారి గొంతు ఏ డిస్కులో ఉందో, దానితోనే మొదలుపెట్టండి.