మన పాటలను ఎందుకు తీసేస్తున్నారు?

క్రిస్మస్ పాటల కాలం వచ్చిందంటే మన సంఘాల నుంచి ఒకే రకమైన ఫిర్యాదు వినిపిస్తుంది. యువజన బృందం చందాలు పోగుచేసుకుని పాట రికార్డు చేయించింది. స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్‌లలో విడుదల చేసింది. కొద్దిరోజులకే పాట కనబడకుండా పోయింది, లేదా కాపీరైట్ క్లెయిమ్ వచ్చిపడింది. ఆ వెంటనే వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతుంది: "యేసు నామం ఉంది కాబట్టే తీసేశారు. ఇది హింస."

హింస అనే మాటను అంత తేలికగా వాడకూడదు. 2008లో కంధమాల్‌లో ఇళ్లు, మందిరాలు కాలిపోయి అడవుల్లో తలదాచుకున్న కుటుంబాల అనుభవానికి ఆ మాట చెందుతుంది. పాట ఆగిపోవడం బాధాకరమే. అయితే అది ఎందుకు ఆగిందో తెలుసుకోకుండా హతసాక్షుల మాటను మనం అరువు తెచ్చుకోవడం సత్యం కాదు.

ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో ముందు చూద్దాం. సాధారణ గాయకుడు తన పాటను నేరుగా స్పాటిఫైకో, ఆపిల్‌కో పంపలేడు. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్, సీడీ బేబీ వంటి డిస్ట్రిబ్యూటర్ల ద్వారా పంపాలి. పంపేటప్పుడు, ఈ పాట మీద అవసరమైన హక్కులన్నీ నాకు ఉన్నాయని ఒప్పుకుంటూ టిక్ పెట్టాలి. చాలామంది చదవకుండానే పెట్టేస్తారు. కానీ అది సంతకంతో సమానం, ఇంకా సరిగా చెప్పాలంటే సాక్ష్యం. పాటల పంపిణీకి ఉన్న నిబంధనల్లో ఎక్కువ భాగం మూడు ప్రశ్నలకు నిజం చెప్పమని అడుగుతాయి. పాట ఎవరిది? గొంతు ఎవరిది? విన్నది ఎవరు? దొంగిలవద్దు, అబద్ధ సాక్ష్యం పలుకవద్దు అని బడి వయసు నుంచీ నేర్చుకున్న మనకు ఇవి కొత్త ప్రశ్నలు కావు.

మొదటిది, పాట ఎవరిది? సినిమా బాణీకి క్రైస్తవ పదాలు అమర్చడం మన దగ్గర చాలాకాలంగా ఉన్న అలవాటు. పల్లె కూడికలో డప్పు మీద పాడుకున్నంత కాలం ఎవరూ పట్టించుకోలేదు. అదే పాటను రికార్డు చేసి అమ్మకానికి పెట్టినప్పుడు సంగతి మారుతుంది. మతపరమైన ఆచారంలో భాగంగా పాడుకునే పాటకు మన 1957 కాపీరైట్ చట్టం మినహాయింపు ఇచ్చింది. రికార్డు చేసి ప్రపంచమంతటా పంపిణీ చేయడానికి ఆ మినహాయింపు చాలదు. కొందరు దీన్ని కవర్ వెర్షన్ అంటారు. చట్టంలోని 31సి సెక్షన్ ప్రకారం, మొదటి రికార్డింగ్ జరిగిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడవనిదే ఆ సెక్షన్ కింద కవర్ చేయడం కుదరదు. చేసినా మూల రచనను ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. పదాలన్నీ మార్చేసిన పాట కవర్ వెర్షనే కాదు. దానికి హక్కుదారుల అనుమతి కావలసిందే.

మన పెద్దలు కూడా కర్ణాటక రాగాల్లో, జానపద బాణీల్లో కీర్తనలు కట్టలేదా అని అడిగేవారున్నారు. కట్టారు. పురుషోత్తమ చౌధురి గారి కీర్తనలే అందుకు సాక్ష్యం. అయితే రాగం ఎవరి సొత్తూ కాదు, తరతరాలుగా జనం నోట నలిగిన బాణీ కూడా అంతే. నిన్నగాక మొన్న ఒక సంగీత దర్శకుడు కూర్చున్న బాణీ అతని శ్రమ. ఆ తేడా చట్టానికి తెలుసు, మన మనస్సాక్షికీ తెలుసు.

సినిమావాళ్ల సంగతి అలా ఉంచుదాం. మన సొంత పాటల రచయితలకు మనం ఏం చేస్తున్నాం? ఊళ్లో బైబిల్ స్త్రీ రాసిన పాట, పదవీ విరమణ చేసిన బడిపంతులు కట్టిన పాట పెద్ద వేదికలెక్కుతుంది. తెర మీద గాయకుడి పేరు, చానెల్ పేరు, సమర్పకుల పేర్లు ఉంటాయి. రాసినవారి పేరు ఉండదు. పనివాడు జీతానికి పాత్రుడని పౌలు తిమోతికి రాసిన మాటను కాపరుల జీతం గురించే గుర్తుచేసుకుంటాం, పాట రాసినవారి విషయంలో మరచిపోతాం. మన దేశంలో రచయిత జీవితకాలమూ, ఆ తరువాత 60 ఏళ్లూ ఆ రచన మీద హక్కు ఉంటుంది. 2012 సవరణ మరో మేలు చేసింది. రచయితగానీ స్వరకర్తగానీ పాట హక్కును ఆడియో కంపెనీకి రాసిచ్చినా, రాయల్టీలో సమాన వాటా పొందే హక్కు వారిదే. దాన్ని వదులుకున్నట్టు రాయించుకున్నా ఆ కాగితం చెల్లదు. మన రచయితల్లో ఈ సంగతి తెలిసినవారు ఎందరు?

పాత కీర్తనలది వేరే చిక్కు. పురుషోత్తమ చౌధురి గారు 1890లో ప్రభువు సన్నిధికి చేరారు. వారి కీర్తనలు ఇప్పుడు అందరివీ. కానీ ఒక సంస్థ అలాంటి కీర్తనను రికార్డు చేసి యూట్యూబ్ కంటెంట్ ఐడీలో నమోదు చేయిస్తే, అదే కీర్తనను సొంత గొంతులతో పాడుకున్న చిన్న సంఘానికి క్లెయిమ్ రావచ్చు. తమకు మాత్రమే హక్కున్నదాన్నే అక్కడ నమోదు చేయాలని యూట్యూబ్ నియమం స్పష్టంగా చెబుతోంది. ఉమ్మడి ఆస్తికి కంచె వేయడం ఆ నియమానికి విరుద్ధం. ఇలా కంచె వేసేవారిలో క్రైస్తవ చానెళ్లు కూడా ఉంటే, అక్కడ సోదరుని పాటను ఆపేది లోకం కాదు, సోదరుడే.

రెండవది, గొంతు ఎవరిది? కృత్రిమ మేధతో నిమిషాల్లో పాట తయారవుతోంది. ఫ్రాన్స్‌కు చెందిన డీజర్ సంస్థ 2025 జనవరిలో తనకు వస్తున్న కొత్త పాటల్లో దాదాపు 10 శాతం పూర్తిగా యంత్రం చేసినవేనని చెప్పింది. అదే ఏడాది నవంబరుకు ఆ వాటా 34 శాతానికి చేరింది. అంటే రోజుకు 50 వేల పాటలు. స్పాటిఫై 2025 సెప్టెంబరులో, అంతకు ముందు ఏడాది కాలంలో ఏడున్నర కోట్ల చెత్త ట్రాకులను తొలగించామని ప్రకటించింది. ఒక కళాకారుని గొంతును అతని అనుమతి లేకుండా అనుకరిస్తే పాటను తీసేస్తామని కూడా స్పష్టం చేసింది.

యంత్రాన్ని సాధనంగా వాడటమే పాపమని నేను అనను. హార్మోనియం కూడా ఒకనాడు పరాయి వాయిద్యమే. కానీ నిద్రించిన దైవజనుని గొంతును యంత్రంతో పుట్టించి, ఆయన ఎన్నడూ పాడని పాటను ఆయన పేరున వదలడం అబద్ధమే. ఎవరూ ప్రార్థించకుండా, ఎవరూ కన్నీరు కార్చకుండా పుట్టిన పాటను "ప్రభువు నాకిచ్చిన పాట" అని సాక్ష్యం చెప్పడమూ అంతే. యంత్రం వాడితే వాడామని చెప్పండి. డిస్ట్రిబ్యూటర్ అడిగినా అడగకపోయినా సంఘానికి చెప్పండి.

మూడవది, విన్నది ఎవరు? 2024 సెప్టెంబరులో అమెరికా ప్రాసిక్యూటర్లు ఉత్తర కరోలినాకు చెందిన ఒక సంగీతకారునిపై అభియోగం మోపారు. యంత్రంతో లక్షల పాటలు చేయించి, వేల దొంగ ఖాతాలతో వాటిని ఆడించి, కోటి డాలర్లకు పైగా రాయల్టీ రాబట్టాడన్నది ఆ అభియోగం. అది ఎక్కడో దూరాన జరిగింది అనుకుంటాం. మరి "కొత్త పాట వచ్చింది, రాత్రంతా సౌండ్ తగ్గించి ఫోన్లలో ఆడనివ్వండి, వ్యూస్ పెరగాలి" అన్న ప్రకటన మన బలిపీఠాల దగ్గర వినబడటం లేదా? డబ్బు తీసుకుని లక్ష వ్యూస్ ఇప్పిస్తామనేవారి దగ్గరకు పరిచర్య చందా వెళ్లడం లేదా? కృత్రిమ స్ట్రీమింగ్ ఎక్కువగా పట్టుబడిన పాటలకు స్పాటిఫై 2024 నుంచి డిస్ట్రిబ్యూటర్ల మీద జరిమానా వేస్తోంది. ఆ భారం చివరకు పాట పంపినవారి మీదే పడవచ్చు, పాట కూడా పోవచ్చు. సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనం దొంగ త్రాసు గురించి చెప్పేది వ్యాపారులకు మాత్రమే కాదు.

వీటితోపాటు ద్వేషం గురించిన నిబంధన కూడా ఉంది. 2017లో షార్లట్స్‌విల్ ఘటన తరువాత స్పాటిఫై తెల్లజాతి దురహంకార బృందాల పాటలను తొలగించినప్పుడు మనమందరం హర్షించాం. అదే కొలత మనకూ వర్తిస్తుంది. పొరుగువారి దేవతలను ఎగతాళి చేసే పాట సువార్త కాదు. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద అది నేరం కూడా కావచ్చు. ఏథెన్సులో పౌలు విగ్రహాలు చూసి లోలోపల పరితపించాడు, అయినా అక్కడివారితో గౌరవంగానే మాట్లాడాడు.

ఇంత చెప్పాక, ఈ కంపెనీల నిబంధనలన్నీ న్యాయమైనవని అనుకోకండి. 2024 నుంచి స్పాటిఫైలో గత 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రాయల్టీ లెక్క కట్టరు. ఆ సొమ్ము మిగతా పాటల వాటాలో కలుస్తుంది. లేనివాడి చేతిలోని కాసు ఉన్నవాడికి చేరుతుందన్నమాట. కోయ భాషలోనో, సవర భాషలోనో పాడే చిన్న సంఘానికి ఆ సంఖ్య కొండంత. పైగా తప్పు పట్టేది యంత్రం, జవాబు పంపేదీ యంత్రమే. నిర్దోషి మొరపెట్టుకోవడానికి మనిషి దొరకడు. తీర్పు చెప్పేవాడు ముందు ఇరుపక్షాల మాట వినాలని ద్వితీయోపదేశకాండం మొదటి అధ్యాయంలో మోషే ఆజ్ఞాపించాడు. ఆ న్యాయాన్ని మనం కంపెనీల నుంచీ, ప్రభుత్వం నుంచీ అడగాలి. యూట్యూబ్ వంటి వేదికలకు ఫిర్యాదుల అధికారి ఉండాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. ఆ అధికారి జవాబు నచ్చకపోతే 2023లో ఏర్పడిన అప్పీలు కమిటీలు ఉన్నాయి. వాట్సాప్‌లో వాపోయే ముందు ఆ తలుపులు తట్టండి.

తట్టేముందు మన చేతులు శుభ్రంగా ఉండాలి. పాట రికార్డు చేసే ప్రతి సంఘం రచయిత, స్వరకర్త, గాయకులు, వాద్యకారుల పేర్లతో ఒక కాగితం రాసి సంతకాలు తీసుకోవాలి. ఆదాయం వస్తే ఎవరికెంత అన్నది అందులోనే ఉండాలి. పాత కీర్తన పాడితే రచయిత పేరు చెప్పి, మన రికార్డింగ్ మీద తప్ప కీర్తన మీద హక్కు కోరకూడదు. దొంగ వ్యూస్‌కు పైసా ఇవ్వకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉండీ పాటను తీసేస్తే, అప్పుడు ధైర్యంగా అడుగుదాం, ఈ పత్రిక కూడా మీతో కలిసి అడుగుతుంది.

ఏ కంపెనీ దయ మీదా ఆధారపడని పంపిణీ ఒకటి మనకు ఇంకా మిగిలి ఉందని కూడా మరువకండి. చౌధురి గారి కీర్తనలు మన దాకా వచ్చింది యాప్‌ల ద్వారా కాదు. తల్లి పాడగా బిడ్డ విని నేర్చుకుంది. ఈ ఆదివారం మీ సంఘంలో పాడే పాటల్లో కనీసం ఒకదాన్ని ఎవరు రాశారో అడగండి. వారు బ్రతికి ఉంటే, ఆరాధన తరువాత వారింటికి వెళ్లి పలకరించండి.