షుగర్ తమ్ముడిది... కాపలా అక్కది

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా ఏ సందులో చూసినా ట్యూషన్లకు పోయే పిల్లలే. అందులో ఎవరో ఒక అక్క బ్యాగులో పుస్తకాల మధ్య గ్లూకోజ్ పొట్లం ఉంటుంది. అది ఆమెకు కాదు, పక్కన నడిచే తమ్ముడికి.

చిన్నపిల్లలకు షుగరేమిటని ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్లున్నారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది టైప్-1. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీస్తుంది. చాక్లెట్లు తిన్నందుకు రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. రోజూ ఇన్సులిన్ తీసుకోవాల్సిందే. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు తొలిసారి ఆ మందు ఇచ్చేదాకా ఇలాంటి పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. ఇరవై ఏళ్లలోపు టైప్-1 పిల్లలు మన దేశంలో దాదాపు 2.29 లక్షల మంది ఉంటారని 2021లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య లెక్కకట్టింది.

ఈ లెక్కల్లో వాళ్ల అక్కలూ అన్నలూ ఉండరు.

తమ్ముడికి సూది మొదలైన రోజు నుంచే అక్క పెద్దదైపోతుంది. "నువ్వు పెద్దదానివి, సర్దుకో" అంటారు. ఇంట్లో మిఠాయి బంద్. స్నేహితురాలి ఇంట్లో మైసూర్‌పాక్ తిన్నా ఏదో తప్పు చేసినట్టు మూతి తుడుచుకుని వస్తుంది. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయినా ఎండాకాలం రోడ్డు పక్కన మామిడిపండ్ల బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. వాటి ముందు తల దించుకు నడవనక్కర్లేదు. తినేదాన్ని బట్టి ఇన్సులిన్ లెక్క చూసుకుంటే తమ్ముడూ ఓ ముక్క తినొచ్చు. ఆ లెక్క డాక్టరు నేర్పుతారు.

కొట్లాట సంగతి వేరు. రిమోట్ కోసం కొట్టుకునేటప్పుడు వాడు విసుక్కుంటే అది అల్లరా, షుగర్ పడిపోవడమా? చెమటలు, వణుకు, ఆకలి, ఉన్నట్టుండి చిరాకు... చేయి చేసుకోబోయిన అక్కే ఆగి గ్లూకోమీటర్ తేవాలి. 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇదంతా తెలిసిన పిల్ల, తమ్ముడితో ఓ పోట్లాటైనా తీరిగ్గా ఆడుకోలేదు పాపం.

ఆమె అడగని ప్రశ్న ఒకటుంది. "నాకు కూడా వస్తదా అమ్మా?" ముందు పెద్దలే చెప్పేయాలి. మిగతా పిల్లలకన్నా ముప్పు ఎక్కువే. అయినా ఇలాంటి అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు వంద మందిలో సుమారు తొంభై అయిదు మందికి రాదు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే పరీక్ష చేయిస్తే సరి.

ఇక "ఎవ్వరికీ చెప్పకు" అన్న ఆజ్ఞ. చుట్టాలకు తెలిస్తే రేపు అమ్మాయి సంబంధానికి అడ్డమని భయం. దానికి ఏడెనిమిదేళ్ల పిల్లతో అబద్ధాలు ఆడించడం ఏం న్యాయం? ట్యూషన్ సారుకు తెలియకపోతే పిల్లాడు కళ్లు తిరిగి పడ్డప్పుడు నీళ్లు చల్లి ఊరుకుంటాడు. అక్క ఏ క్లాసులో ఉందో వెతికేలోపు విలువైన నిమిషాలు పోతాయి. టైప్-1 పిల్లలు పదో తరగతి, పన్నెండో తరగతి పరీక్ష హాల్లోకి తినుబండారాలు తీసుకెళ్లొచ్చని సీబీఎస్‌ఈయే 2017లో అనుమతించింది. ట్యూషన్ సెంటర్‌కు ఓ మాట చెప్పడానికి మొహమాటమెందుకు?

అక్కకూ పరీక్షలుంటాయి. రాత్రి మూడింటికి షుగర్ చూడమని డాక్టరు చెబితే, ఆ అలారం నాన్న సెల్‌లో పెట్టుకోవాలి.