ఇంటి నుంచి కూడా ఎన్‌ఓసీ కావాలి

ఎంబీఏ చేసి, నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, పిల్లల కోసం మానేసి ఇంట్లో ఉండిపోయిన మనలాంటి వాళ్ళకి, పిల్లలు హైస్కూలుకి వచ్చే వేళకి ఒక ఆలోచన వస్తుంది. పీహెచ్‌డీ చేస్తే ఎలా ఉంటుంది అని. మళ్ళీ కంపెనీ ఉద్యోగానికి వెళ్దామంటే మధ్యలో ఈ పదేళ్ళూ ఏం చేశావని అడుగుతారు. చదువుకి ఆ బాధ లేదు. పూర్తయ్యాక కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు. మన సెలవులూ పిల్లల సెలవులూ ఒకేసారి వస్తాయి. పైగా పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది, అది మాత్రం చేదా!

నాకు ఈ ఆలోచన పట్టుకుని రెండేళ్ళయింది. ఇప్పుడు నాకు 39. అడిగినవాళ్ళందరూ రెండే రకాల సలహాలిచ్చారు. "ఈ వయసులో ఇప్పుడెందుకమ్మా" అనేది ఒకటి. "చేసెయ్, ఇంట్లోనేగా ఉంటావు, బోలెడంత టైము" అనేది రెండోది. మొదటి మాటకి నా దగ్గర జవాబుంది. మంచిగా వినిపించే ఆ రెండో మాటతోనే చిక్కంతా అని నా అభిప్రాయం.

ముందు లెక్కలు చూసేద్దాం. ఎంబీఏ చదివాక ఆ అలవాటు పోదు కదా. యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్ళు, ఎక్కువలో ఎక్కువ 6 ఏళ్ళు. పీజీలో 55 శాతం మార్కులుండాలి. రిజర్వేషన్ వర్గాలకి 5 శాతం సడలింపు ఉంది. చేరగానే కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్ చేయాలి, అంటే మళ్ళీ క్లాసులు, పరీక్షలు. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్ మార్కులతో కూడా పీహెచ్‌డీ సీటుకి వెళ్ళచ్చు. జేఆర్‌ఎఫ్ రానివాళ్ళకి నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఆ మార్కులు ఏడాది వరకే పనికొస్తాయి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదట్లో నెలకి 37,000 రూపాయలిస్తారు కానీ దానికి ఆడవాళ్ళకి సడలింపు కలిపినా 35 ఏళ్ళే పరిమితి. కాబట్టి నాకు ఆ ఆశ లేదు. ముప్ఫై దాటిన చెల్లెళ్ళెవరైనా ఇది చదువుతుంటే మాత్రం రెండేళ్ళు ఆలోచిస్తూ కూర్చోకండి, ముందు ఆ పరీక్ష రాయండి.

ఇంత చదివితే వచ్చేదేంటి? ఎంబీఏ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరడానికి ఏఐసీటీఈ లెక్క ప్రకారం ఫస్ట్ క్లాస్ ఎంబీఏ, రెండేళ్ళ ఉద్యోగానుభవం చాలు. యూనివర్సిటీల్లో కూడా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి అన్న షరతుని యూజీసీ 2023లో తీసేసింది, నెట్ గానీ సెట్ గానీ ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే మాత్రం పీహెచ్‌డీ లేకుండా కుదరదు. కాగితం మీద అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700. నేను మధ్యలో రెండేళ్ళు ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పాను, అందులో సగం కూడా చూడలేదు. అందుకని జీతం కోసమే అయితే పీహెచ్‌డీ వద్దనే చెప్తాను. నెట్ రాసుకోండి, ఆరేళ్ళు మిగులుతాయి.

మరి ఎవరు చేయాలి? పీహెచ్‌డీ అంటే ఇంకాస్త పెద్ద ఎంబీఏ కాదు. ఎంబీఏలో తెలిసిన జవాబులు నేర్చుకుంటాం. ఇక్కడ ఎవరికీ సరిగ్గా జవాబు తెలియని ప్రశ్న ఒకటి పట్టుకుని ఏళ్ళ తరబడి దాంతోనే కాపురం చేయాలి. అలాంటి ప్రశ్న ఉన్నవాళ్ళే చేయాలి.

నా ప్రశ్న మా అపార్ట్‌మెంట్లోనే దొరికింది. మూడో అంతస్తు పిన్నిగారు వేసవిలో ఆవకాయ, మాగాయ పెట్టి వాట్సాప్‌లో అమ్ముతారు. హైదరాబాదుకీ బెంగుళూరుకీ కూడా పంపిస్తారు. ఒకసారి లెక్క రాయడానికి నన్ను కూర్చోబెట్టారు. కాయలు, ముక్కలు కొట్టించిన కూలి, కారం, ఆవపిండి, నూనె, డబ్బాలు, కొరియరు అన్నీ చెప్పారు. "మీ కూలి ఎంత వేద్దాం పిన్నిగారూ?" అన్నాను. "నా కూలేంటే పిచ్చిదానా, ఇంట్లో పనేగా" అన్నారు. ముక్కలు కొట్టినవాడికి కూలి ఉంది. నెల రోజులు నడుం విరిగేలా చేసిన ఆవిడకి లేదు. తర్వాత చీరలమ్మే ఆవిడని అడిగాను, మగ్గం వర్క్ చేయించే ఆవిడని అడిగాను, కర్రీ పాయింట్ పెట్టిన అక్కని అడిగాను. పనివాళ్ళకిచ్చింది పైసలతో సహా చెప్తారు. తమది అడిగితే నవ్వుతారు. అప్పు తీసుకుని వ్యాపారం పెట్టినవాళ్ళు వేరేగా లెక్క వేస్తారా? పక్కన ఒక మనిషిని జీతానికి పెట్టుకున్నాక తమ కూలి గుర్తొస్తుందా? లెక్కల పుస్తకం భర్త చేతిలో ఉంటే ఏమవుతుంది? మేము ఎంబీఏలో కాస్టింగ్ చదివాం, ఇవి మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు. రెండు నోటు పుస్తకాలు నిండాయి. నాకు వచ్చిన పిచ్చి ఇదీ.

ప్రశ్న లేకుండా చేరితే ఏమవుతుందో చూడాలంటే శోధ్‌గంగ చూడండి. మన దేశంలో యూనివర్సిటీలకి సమర్పించిన థీసిస్‌లు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళు అందులో పెడతారు, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మధ్యాహ్నాలు నేను సీరియల్ బదులు అదే చూశాను. మేనేజ్‌మెంట్ విభాగంలో బాగా చేసినవి లేకపోలేదు. కానీ ఫలానా జిల్లాలో బ్యాంకు ఉద్యోగుల సంతృప్తి, ఇంకో జిల్లాలో ఇంకో బ్యాంకు ఉద్యోగుల సంతృప్తి, ఇలాంటి వరస కూడా కనిపిస్తుంది. వెనక ఒకరి యవ్వనం ఉంది అనుకుంటే మనసు చివుక్కుమంటుంది. శోధ్‌గంగ ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. మీరు అనుకుంటున్న గైడు దగ్గర ఎవరెవరు ఏం చేశారో వాళ్ళ థీసిస్‌లు తెరిచి చదవచ్చు. ఒక ప్రొఫెసర్ ఒకే సమయంలో 8 మందిని, అసోసియేట్ 6 మందిని, అసిస్టెంట్ 4 మందిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్ళ లోపున్నవాళ్ళు కొత్తవాళ్ళని తీసుకోకూడదు. సంబంధం చూసేటప్పుడు ఎన్ని ఆరాలు తీస్తామో గైడు విషయంలో అంతకు రెట్టింపు తీయాలి. ఇక "ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ, ఏడాదిలో పట్టా" అని ఫోనుకి వచ్చే ప్రకటనలు చూసి మోసపోకండి. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకి గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ కలిసి 2022లోనే చెప్పాయి.

ఇప్పుడు ఆ బోలెడంత టైము సంగతి.

నా స్నేహితురాలు ఒకామె నాకన్నా ముందే పార్ట్‌టైమ్‌గా చేరింది. ఎంట్రన్స్ రాసింది, కోర్స్‌వర్క్ పాసయింది, 180 ప్రశ్నపత్రాలు ఊరూరా తిరిగి నింపించింది. నాలుగో ఏడు మామగారికి పక్షవాతం వచ్చింది. ఆమెని ఎవరూ మానెయ్యమనలేదు. ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్ళే, గొప్పగా కూడా చెప్పుకునేవాళ్ళు. కాకపోతే ఆస్పత్రికెళ్ళాల్సిన పూట, మందులివ్వాల్సిన వేళ, చూడ్డానికొచ్చిన బంధువులకి కాఫీ పెట్టాల్సినప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఇంట్లో ఉన్న ఆమే. ఆ 180 కాగితాలూ బియ్యం సంచీలో కట్టి అటక మీద ఉన్నాయి. ఎవరాపారు అని అడిగితే ఆమె దగ్గర చెప్పడానికి ఒక్క పేరు కూడా లేదు.

అది చూశాక నేను ఒక నెల రోజులు నా టైముకి లెక్క రాశాను. మొత్తం కలిపితే రోజుకి నాలుగు గంటలు ఖాళీ ఉన్నట్టే ఉంది. కానీ గ్యాస్ బండ, కొరియరు, పనమ్మాయి, అత్తయ్యగారి బీపీ మాత్రలు, స్కూలు నుంచి ఫోను. ఎవరూ పిలవకుండా వరసగా గంటన్నర దొరికిన రోజులు నెలలో పదకొండు. ఒక్క రీసెర్చ్ పేపర్ అర్థం చేసుకుంటూ చదవడానికే గంటన్నర చాలదు. ఇంట్లో ఉండే మనిషి టైము చిల్లర డబ్బుల్లాంటిది, ఎంత ఉన్నా పెద్ద వస్తువు రాదు.

ఈ సందర్భంలోనే యూజీసీ నిబంధనల్లో ఒక చిన్న భాగం నా కంటపడింది. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరేవాళ్ళు తమ ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం, అదే ఎన్‌ఓసీ, తెచ్చుకోవాలి. అందులో మూడు సంగతులుండాలి. ఈమెకి పార్ట్‌టైమ్‌లో చదువుకోవడానికి అనుమతి ఇచ్చాం. ఈమె విధులు పరిశోధనకి సరిపడా టైము ఇచ్చేలా ఉన్నాయి. అవసరమైతే కోర్స్‌వర్క్ పూర్తి చేయడానికి ఈమెని విధుల నుంచి రిలీవ్ చేస్తాం.

చూశారా, అనుమతి ఒక్కటే చాలదని ప్రభుత్వ కాగితానికి కూడా తెలుసు! మన ఇళ్ళల్లో మొదటిది ధారాళంగా ఇస్తారు. "చదువుకో, నేనెప్పుడైనా వద్దన్నానా?" అని మావారే ఎన్నిసార్లన్నారో. మంచి మనిషి, మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ వద్దనకపోవడానికి ఆయనకి ఖర్చేమీ లేదు. రెండోదీ మూడోదీ ఇవ్వాలంటే ఆయన సాయంత్రాలు మారాలి. ఆ రెండూ లేకుండా చేరడం కన్నా చేరకపోవడమే మేలని నేననుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత మధ్యలో ఆగిపోయింది అంటారు గానీ ఎందుకు ఆగిందో ఎవరూ అడగరు.

ఇవే నిబంధనల్లో ఆడవాళ్ళకి గడువు మీద ఇంకో రెండేళ్ళు పొడిగింపు ఉంది, మాతృత్వానికీ పిల్లల సంరక్షణకీ 240 రోజుల దాకా సెలవుంది. చంటిపిల్లల తల్లికి ఆ 240 రోజులు నిజంగా పెద్ద సాయం, కాదనను. ఆ రెండేళ్ళ పొడిగింపు గురించి మాత్రం నాకు కొంచెం కోపం. ఇంటి పని ఎలాగూ ఈమెదే కాబట్టి ఈమెకి ఆలస్యమవుతుందని ముందే రాసుకున్నట్టుంటుంది. ఎనిమిదో ఏట దొరికే టైము కన్నా మొదటి ఏడు ప్రతి సాయంత్రం రెండు గంటలు దొరికితే ఎక్కువ పనికొస్తుంది. అది యూజీసీ ఇవ్వలేదు, ఇంట్లోవాళ్ళే ఇవ్వాలి.

కాబట్టి తెల్లకాగితం మీద ఆ మూడు వాక్యాలూ తెలుగులో రాసి మా భోజనాల బల్ల మీద పెట్టాను. మావారు చదివి నవ్వి, "సంతకం ఎక్కడ?" అన్నారు. "ఆగండి, రెండో వాక్యంలో ఏ రెండు గంటలో రాయండి ముందు" అన్నాను. అప్పుడు నవ్వు తగ్గింది. గంటసేపు మాట్లాడుకున్నాం. రాత్రి ఏడు నుంచి తొమ్మిది నాది. ఆ వేళ చపాతీలు, పాప హోంవర్కు, తలుపు కొట్టినవాళ్ళు, అన్నీ ఆయనవి. ఆదివారం పొద్దున కూడా నాదే. మా పెద్దాడు "మరి నా డౌట్లు?" అన్నాడు. తొమ్మిది దాటాక అడగమన్నాను.

అత్తయ్యగారు అంతా విని, సంక్రాంతి వెళ్ళాక చేయించుకోవాల్సిన మోకాలి ఆపరేషన్ వాయిదా వేసుకుంటానన్నారు. వద్దన్నాను. ఆవిడ మెట్లు దిగి గుడికి వెళ్ళి ఏడాదయింది, నా చదువు కోసం ఇంకో ఏడాది ఆవిడ నొప్పి పడక్కర్లేదు. ఆపరేషన్ అయ్యి ఆవిడ తిరగడం మొదలుపెట్టాకే నేను జూన్ నెట్ రాస్తాను, సీటు సంగతి ఆ తర్వాత. "అమ్మాయ్, కాలేజీకి ఎన్ని రోజులు వెళ్ళాలో ముందే చెప్పు, మా చెల్లెల్ని రమ్మంటాను" అన్నారు. నేను అడగకుండానే ఆవిడ మూడో వాక్యం దాకా వెళ్ళిపోయారు!

చిక్కు ఇప్పుడు ఆ మూడో వాక్యం దగ్గరే. నాకు కోర్స్‌వర్క్ పడే ఏడాదే మా పెద్దాడి పదో తరగతి. మావారికి ఆఫీసులో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేయడానికి ఒప్పుకుంటారేమో కనుక్కుని చెప్తానన్నారు. రెండు వాక్యాలకి సంతకాలు పడ్డాయి, మూడోదాని పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం ఉంది. కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను. పిన్నిగారు మొన్న ఉసిరికాయ పచ్చడి లెక్కకి మళ్ళీ పిలిచారు, నోటు పుస్తకం తీసుకునే వెళ్ళాను.