కొత్త అక్షానికి పేరొక్కటే చాలదు
భారత వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతం గ్రిడ్‌నే తీసుకోండి: పావు డిగ్రీకో గడి చొప్పున 129 అక్షాంశాలు, 135 రేఖాంశాలు. దాన్ని రోజుకో ఫైలుగా విడగొట్టి దాచుకునేవాళ్లు చాలాసార్లు తేదీని ఫైలు పేరులోనే వదిలేస్తారు. లోపలున్న అంకెలకు తాము ఏ రోజువో తెలియదు. పైథాన్ లైబ్రరీ నంపైలో న్యూయాక్సిస్‌తో ముందొక అక్షం చేరిస్తే ఆకారం 1, 129, 135 అవుతుంది, అంతే. ఆ ఒకటి కాలమో, ఎత్తో, మోడలో రాసినవాళ్ల బుర్రలోనే ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఆ కోడు తెరిచే పరిశోధక విద్యార్థి ఏం చేయాలి? 2014లో బయటికొచ్చిన మరో పైథాన్ లైబ్రరీ ఎక్స్‌ఎర్రే అక్షాలకు పేర్లిచ్చి ఈ బాధ తీర్చింది. కానీ అక్షం చేర్చే దాని ఎక్స్‌పాండ్ డిమ్స్‌కు ‘టైమ్’ అని పేరు మాత్రమే ఇచ్చి ఊరుకుంటే సగం పనే అయినట్టు. డేటాలో ముందే తేదీ లేకపోతే, ఆ అక్షం మీద కూడా తేదీ ఉండదు. అలాంటి ఫైళ్లను కలిపితే జూలై 3 పక్కన జూలై 5 వచ్చి కూర్చున్నా ఎర్రర్ రాదు. రెండు డేటాల తేడా తీసినా, పొడవులు సరిపోతే చాలు, వరసను బట్టి తీసేస్తుంది. తేదీని విలువగా ఇస్తే మాత్రం తీసివేత తేదీకి తేదీతోనే జరుగుతుంది. ఇక్కడా ఓ జాగ్రత్త: ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని తేదీలను ఎక్స్‌ఎర్రే చెప్పకుండానే వదిలేస్తుంది, ఎన్ని రోజులు మిగిలాయో చూసుకోవాల్సిందే. ఈ లెక్కల మీద వరద అంచనాలు కట్టేవాళ్లున్నారు. అందుకే అక్షం చేర్చే లైన్లోనే దాని విలువలూ రాయండి, విద్యార్థులకు మొదటి రోజే అలా నేర్పండి.