కోలలు మావి, చప్పట్లు ఎవరికి?

పోయిన ఏడాది ఒక సాహిత్య సదస్సులో భోజనాల దగ్గర నా చేతులు చూసి ఒక సీనియర్ అధ్యాపకురాలు "ఏమైంది?" అని అడిగింది. వేళ్ళ కణుపుల మీద కమిలిన మచ్చలు. "కోలాటం నేర్చుకుంటున్నానండీ, పోటీకి వెళ్తున్నాం" అన్నాను. ఆవిడ నవ్వి "కోలాటం పాటల మీద డాక్టరేట్ చేసినదానివి, ఈ వయసులో ఎగరడమేమిటమ్మా!" అంది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. అందరూ ఆడవాళ్ళే. అందులో ఇద్దరు స్త్రీవాద రచయిత్రులు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

మాది నూజివీడు పక్కన మామిడి తోటల మధ్య ఊరు. మూడు వందల పేజీల నా సిద్ధాంత గ్రంథంలో కోలాటం పాటల ఛందస్సు ఉంది, పురాణ కథల జాడలున్నాయి, పాఠాంతరాలున్నాయి. ఆ పాటలు పాడిన స్త్రీల పేర్లు మాత్రం చివర అనుబంధంలో 'సమాచారం ఇచ్చినవారు' అనే శీర్షిక కింద ఉన్నాయి. వాళ్ళ పాటలతో నాకు పట్టా వచ్చింది. వాళ్ళకి నేనిచ్చింది తలా ఒక కప్పు టీ. ఆ పాట పాడుతూ ఆడితే ఊపిరి ఎక్కడ అందకుండా పోతుందో నా గ్రంథంలో లేదు. ఉండదు కూడా. అప్పటికి నేను ఒక్కసారీ కోల పట్టలేదు.

పట్టింది ముప్ఫై ఆరో ఏట. ఉద్యోగం కోసం చేసిన ప్రయత్నాలన్నీ అయిపోయి, ఊరికి తిరిగొచ్చి, రాత్రుళ్ళు నిద్ర పట్టని రోజుల్లో రామాలయం వీధిలోంచి కోలల చప్పుడు వినిపించేది. వెళ్ళి నిలబడ్డాను. "చూడ్డానికొచ్చారా మేడంగారూ, రాసుకోడానికా?" అని అడిగింది ఒకావిడ. "ఆడ్డానికి" అన్నాను. నవ్వారు గానీ ఆ నవ్వు సదస్సులో నవ్వు లాంటిది కాదు. జరిగి చోటిచ్చారు.

మా జట్టులో ఇరవై నాలుగు మంది. సగం మంది మామిడి సీజన్‌లో కాయ ఏరి, సైజుల వారీగా వేరుచేసి, పెట్టెల్లో సర్దే పనికి వెళ్తారు. వాళ్ళ ముంజేతుల మీద సొన కాలిన మచ్చలుంటాయి. ఒక అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు కుట్టుపనివాళ్ళు, ఒక టిఫిన్ బండి నడిపే ఆవిడ. చెట్లు పూత మీదున్నప్పుడే సాధన అంతా జరగాలి. కోతలు మొదలైతే ఎవరికీ ఒళ్ళు స్వాధీనంలో ఉండదు. తెల్లారగట్ల నాలుగింటికి లేచిన మనిషి రాత్రి తొమ్మిదింటికి, ఇంటిల్లిపాదికీ వడ్డించి, గిన్నెలు కడిగి, చీర కుచ్చిళ్ళు దోపుకుని వస్తుంది. గంటన్నర ఆడుతుంది. ఆ గంటన్నరా ఆమెను ఎవరూ "అమ్మా", "ఏమే" అని పిలవరు.

కోలాటం తేలికనుకునేవాళ్ళు ఒక్కసారి కోపు మార్చి చూడండి. లోపలి వరస ఒకవైపు, బయటి వరస ఇంకోవైపు తిరుగుతుంటే, ప్రతి దెబ్బకీ ఎదుట కొత్త మనిషి. ఒక్కరు అడుగు తప్పితే ఇరవై నాలుగు మందీ తప్పుతారు. జడ కోలాటమైతే మరీనూ. పైనుంచి వేలాడే తాళ్ళను ఆడుతూ జడగా అల్లాలి, అదే వరసలో వెనక్కి ఆడుతూ విప్పాలి. పక్క మండలంలో తిరునాళ్ళ పోటీలో నాలుగో కోపు దగ్గర నేను తడబడ్డాను. నా ఉద్ది, అంటే నా జత, తన కోలను లిప్తపాటు ఆపి నా దెబ్బను అందుకుంది. చూసేవాళ్ళకి తెలియలేదు. మాకు మూడో బహుమతి వచ్చింది. పిహెచ్‌డి వచ్చిన రోజు కూడా నేను అంత సంతోషపడలేదు. ఇది రాయడానికి సిగ్గుపడటం మానేశాను.

ఇంతవరకూ సంతోషం. అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది.

మేము ఎవరి ముందు ఆడుతున్నాం? ఊరేగింపులో దేవుడి ముందు. ప్రారంభోత్సవానికొచ్చే నాయకుడి కారు ముందు. ఒకసారి ఒక నాయకుడి రాక కోసం ఎండలో మూడు గంటలు నిలబెట్టారు. మరుగుదొడ్డి లేదు. తలా ఒక మజ్జిగ పొట్లం. ఆయన వచ్చి, కారు దిగకుండా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆ రోజు బ్యాండు మేళానికి డబ్బులిచ్చారు, షామియానాకిచ్చారు, పూలదండలకిచ్చారు. మాకు ఇవ్వలేదు. ఇరవై నాలుగు మంది ఒక రోజు కూలి వదులుకుని వచ్చారు. నేను అడుగుదామంటే జట్టులో పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దమ్మాయ్. డబ్బు పుచ్చుకుంటే మేళం అంటారు."

ఆ ఒక్క మాటలో నూట పాతికేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. 19వ శతాబ్దం చివర కందుకూరి వీరేశలింగం భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమించారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆ వ్యవస్థలో దోపిడీ లేదని నేననడం లేదు. కానీ సంస్కరణ పేరుతో ఆడి పాడి బతికే కళావంతుల స్త్రీల బతుకుతెరువు పోయింది. మిగతా స్త్రీలందరికీ ఒక పాఠం మిగిలింది: ఆడి డబ్బు తీసుకునేది చెడిపోయినది, ఊరికే ఆడేది సంసారి. ఆ పాఠం మీదే ఇవాళ్టి ఉచిత కోలాటం నడుస్తోంది. దానికి పెట్టిన ముద్దుపేరు 'సేవ'.

ఇది మన ఊరి సంగతే అనుకోకండి. అమెరికాలో చీర్‌లీడింగ్ 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక మగ విద్యార్థి గుంపు ముందు నిలబడి కేకలు వేయించడంతో మొదలైంది. అప్పుడది నాయకత్వ లక్షణం. తర్వాత దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ చదువుకునే రోజుల్లో చీర్‌లీడరే. అక్కడ స్త్రీలకు ప్రవేశం దొరికింది 1923లో. స్త్రీలు నిండాక అదే పని అలంకారమైపోయింది. 2010లో ఒక ఫెడరల్ కోర్టు, పోటీ చీర్‌లీడింగ్‌ను విశ్వవిద్యాలయ క్రీడగా లెక్కించడానికి వీల్లేదంది. 2014లో ఓక్లాండ్ రైడర్స్ ఫుట్‌బాల్ జట్టు చీర్‌లీడర్లు తమకు కనీస వేతనం కూడా అందడం లేదని కోర్టుకెక్కారు. జట్టు పన్నెండున్నర లక్షల డాలర్లిచ్చి రాజీపడింది. 2021లో గానీ అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ క్రీడా సమాఖ్యకు పూర్తి గుర్తింపు ఇవ్వలేదు. మా తాత కాలంలో మా ఊళ్ళో కోలాటం మగవాళ్ళది. అప్పుడది 'కళ'. ఆడవాళ్ళ చేతికొచ్చాక 'కాలక్షేపం'.

2008లో ఐపీఎల్‌తో చీర్‌లీడర్లు మన దేశానికొచ్చినప్పుడు ఎంత గగ్గోలు పుట్టింది! సంస్కృతి పరిరక్షకులు వాళ్ళ లంగాల పొడుగు కొలిచారు. మనం వాళ్ళను మార్కెట్ సరుకు అన్నాం. ఆ ఏడాదే మొహాలీలో ఇద్దరు నల్లజాతి చీర్‌లీడర్లు తమ రంగు చూసి పక్కన పెట్టారని ఆరోపించారు. మనలో ఎంతమందిమి దాని గురించి రాశాం? వాళ్ళకి ఎంతిస్తున్నారని ఎవరడిగాం? పొట్టి లంగాలో ఉంటే సరుకు, పట్టుచీర యూనిఫాంలో ఉంటే సంప్రదాయం. రెండు చోట్లా ఆమె చెమటకు లెక్క లేదు.

మన స్నేహితుల అభ్యంతరం నాకు తెలుసు. కోలాటం భక్తి ముసుగులో స్త్రీలను మళ్ళీ గుళ్ళ చుట్టూ తిప్పుతోందని, రాజకీయాలు దాన్ని వాడుకుంటున్నాయని. నిజమే, వాడుకుంటున్నాయి. కానీ రాత్రి తొమ్మిదింటికి గడప దాటడానికి మా జట్టు స్త్రీలకి దేవుడి పేరు తప్ప ఇంకో అనుమతి చీటీ దొరకదు. వేరే చీటీ మనం ఇవ్వగలిగామా? అనుబంధంలో పేరు రాయడం తప్ప నేను ఏమిచ్చాను?

జట్టు లోపల అంతా చల్లగా ఉందనీ చెప్పను. ఒక గుడి ప్రాకారంలో ఆడాల్సి వచ్చినప్పుడు "స్థలం చాలదు, పద్దెనిమిది మంది చాలు" అన్నాడొక పెద్దమనిషి. తగ్గిన ఆరుగురూ దళిత స్త్రీలే. అందులో నా ఉద్ది ఉంది. ఆ రోజు నేను నోరెత్తలేదు. ఆడాను. వేళ్ళ మీద దెబ్బలు మానాయి, అది మానలేదు. మర్నాడు ఆమె సాధనకొచ్చి, నా ఎదుట నిలబడి, "ఈసారి ఆరుగుర్ని తీస్తే మిగతా పద్దెనిమిది మందీ కోలలు కింద పెడతారా?" అని అడిగింది. మూడు రాత్రులు సాధన ఆగిపోయింది, మాటలే నడిచాయి.

చివరికి మూడు నిర్ణయాలు చేసుకున్నాం. అందరం ఆడితేనే ఆడతాం. నాయకుల స్వాగతాలకి ముందుగా డబ్బు, నీళ్ళు, మరుగుదొడ్డి మాట తేలితేనే వెళ్తాం. గుడికెళ్ళినా దారిఖర్చులు తీసుకుంటాం. పెద్దావిడ మూడోదానికి చాలాసేపు ఒప్పుకోలేదు. "మేళగాళ్ళకి ఇస్తున్నారుగా అత్తా, వాళ్ళు చెడిపోయారా?" అని టిఫిన్ బండి ఆవిడ అడిగాక ఊరుకుంది. ఆ తర్వాత రెండు పిలుపులు పోయాయి. ఇద్దరి ఇళ్ళల్లో గొడవలయ్యాయి, ఒకామె మానేసింది. ఒక చోట మాత్రం డబ్బు చేతిలో పెట్టారు. ఇరవై మూడు మందిమీ సమానంగా పంచుకున్నాం.

కాబట్టి నవ్విన అక్కలకి నా విన్నపం. కోలాటం మీద సదస్సు పెట్టినప్పుడు పత్ర సమర్పకులకి ఇచ్చినట్టే ఆడేవాళ్ళకీ దారిఖర్చులూ పారితోషికమూ ఇవ్వండి. ప్రారంభ సభకి అతిథుల్ని వేదిక దాకా నడిపించడానికి మమ్మల్ని పిలవకండి. ఆటను ఆటగా, ఒక అంశంగా కార్యక్రమంలో వేసి, కుర్చీల్లో కూర్చుని చూడండి. మళ్ళీ పూత రాగానే మా సాధన మొదలవుతుంది. జట్టులో ఒక చోటు ఖాళీగా ఉంది.