జెండా దిగింది, 1890 రాజ్యాంగం దిగలేదు

2020 జూన్ 30న మిసిసిపీ గవర్నర్ టేట్ రీవ్స్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. 126 ఏళ్లుగా ఆ రాష్ట్రానికి జెండాగా చెలామణీ అయిన గుడ్డ దాంతో దిగిపోయింది. ఆ జెండా పై మూలన ఎర్రటి చదరం ఉండేది. అందులో ఒకదాన్నొకటి కోసుకునే రెండు నీలి పట్టీలు, వాటిలో 13 తెల్ల నక్షత్రాలు. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి అమెరికా నుంచి విడిపోయి యుద్ధానికి దిగిన దక్షిణాది రాష్ట్రాల కూటమి పేరు కాన్ఫెడరసీ. దాని సైనికులు యుద్ధరంగంలో మోసిన గుర్తు అది. ఆ గుర్తును రాష్ట్ర జెండాలో చివరిదాకా అట్టిపెట్టుకున్న రాష్ట్రం మిసిసిపీ.

ఆ వార్తను మన దగ్గర రెండు రకాలుగా చదివారు. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత రేగిన కోపంలో ఒక పాత గుర్తు కొట్టుకుపోయిందని కొందరన్నారు. గుడ్డముక్క మారితే నల్లవాళ్ల బతుకు మారుతుందా అని మరికొందరు, ముఖ్యంగా మన ప్రగతిశీల మిత్రులు, పెదవి విరిచారు. జెండా ఎందుకు దిగిందనే దాని మీదే అందరూ మాట్లాడారు. అసలు ఎప్పుడు ఎక్కింది, ఎవరు ఎక్కించారు అని అడిగినవాళ్లు తక్కువ.

యుద్ధం 1865లో ముగిసింది. జెండా 1894లో వచ్చింది. చనిపోయిన తాతల జ్ఞాపకమే అయితే 29 ఏళ్లు ఎందుకు ఆగారు?

ఆ 29 ఏళ్లలో ఏం జరిగిందో చూడాలి. బానిసత్వం రద్దయ్యాక నల్లజాతి పురుషులకు ఓటు వచ్చింది. అప్పటి మిసిసిపీ జనాభాలో నల్లవాళ్లే ఎక్కువ. 1870లో హైరమ్ రెవెల్స్ అమెరికా సెనేట్‌లో అడుగుపెట్టిన తొలి నల్లజాతి సభ్యుడయ్యారు. ఆయన్ని పంపింది మిసిసిపీయే. బానిసగా పుట్టిన జాన్ లించ్ 1872లో రాష్ట్ర ప్రతినిధుల సభకు స్పీకర్ అయ్యారు. బానిసగా పుట్టిన మరొకాయన, బ్లాంచ్ బ్రూస్, 1875లో సెనేట్‌కు వెళ్లారు. నిన్నటిదాకా పత్తి చేలల్లో కొరడా దెబ్బలు తిన్న జాతి చట్టసభలో కుర్చీ వేసుకుని కూర్చుంది. తెల్ల భూస్వాములు తట్టుకోలేకపోయింది దాన్నే. 1875 ఎన్నికల్లో తుపాకులు పట్టుకుని నల్ల ఓటర్లను చంపి, బెదిరించి అధికారం లాక్కున్నారు.

తుపాకీతో లాక్కున్నదాన్ని ప్రతి ఎన్నికకూ తుపాకీతోనే కాపాడుకోవడం కష్టం. దానికి చట్టం కావాలి. అందుకే 1890లో కొత్త రాజ్యాంగం రాశారు. రాసిన సభలో 134 మంది సభ్యులుంటే నల్లవాడు ఒక్కడే. రెండు డాలర్ల పోల్ ట్యాక్స్ కట్టాలన్నారు. రాజ్యాంగంలో ఏదైనా ఒక సెక్షన్ చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలన్నారు. చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది తెల్ల అధికారి. ‘నల్లవాడికి ఓటు లేదు’ అనే వాక్యం అందులో ఎక్కడా కనబడదు. అయినా పని జరిగిపోయింది. 1964 నాటికి కూడా ఆ రాష్ట్రంలో ఓటరుగా నమోదైన నల్లవాళ్లు నూటికి ఏడుగురు లేరు.

ఆ రాజ్యాంగం వచ్చిన నాలుగేళ్లకే జెండా ఎక్కింది. ఈ వరుసను గుర్తుపెట్టుకుంటే వాదనలో సగం అక్కడే తేలిపోతుంది. ఓటు లాక్కున్న దస్తావేజు మీద గెలిచినవాడు గుద్దిన ముద్ర ఆ జెండా.

‘అది మా వారసత్వం, ద్వేషం కాదు’ అనేది దాని సమర్థకుల పాత పాట. ఆ వారసత్వం ఏమిటో వాళ్ల తాతలే రాసిపెట్టారు. 1861లో మిసిసిపీ తాను ఎందుకు విడిపోతున్నదో ఒక ప్రకటనలో చెప్పుకుంది. తమ ఉనికి బానిసత్వంతో ముడిపడి ఉందని మొదట్లోనే ఒప్పుకుంది. కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ అదే ఏడాది మార్చిలో, నల్లవాడు తెల్లవాడితో సమానం కాదన్నదే తమ కొత్త ప్రభుత్వానికి పునాదిరాయి అని బహిరంగ సభలో చెప్పాడు. తాతలు సిగ్గుపడకుండా చెప్పినదాన్ని మనవలు దాచిపెడుతున్నారు.

ఆ గుర్తు మళ్లీ మళ్లీ ఎప్పుడు పైకి లేచిందో చూసినా ఇదే తెలుస్తుంది. బడుల్లో జాతి వివక్ష చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పిస్తే, రెండేళ్లకు జార్జియా ఆ గుర్తును తన రాష్ట్ర జెండాలోకి ఎక్కించింది. పౌరహక్కుల ఉద్యమం ఊపందుకుంటున్న 1960ల మొదట్లో దక్షిణ కరోలినా తన శాసనసభ భవనం మీద ఎగరేసింది. నల్లవాళ్లు ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా ఈ జెండా బయటికొచ్చింది. మనకు ఇది కొత్త కాదు. వాడ నుంచి ఒక పిల్లవాడు చదువుకుని ఊళ్లోకి బండి మీద వస్తేనే ఊరికి ‘సంప్రదాయం’ గుర్తొస్తుంది.

ఇక రెండో వాదన ప్రజాస్వామ్యం పేరుతో వస్తుంది. ‘ప్రజలే తేల్చాలి, ఓటు పెట్టండి’ అంటారు. పెట్టారు కూడా. 1906లో చట్టాల సంకలనాన్ని తిరగరాసినప్పుడు జెండా చట్టం అందులో లేకుండా పోయిందనీ, కాబట్టి రాష్ట్రానికి అధికారికంగా జెండాయే లేదనీ 2000లో మిసిసిపీ సుప్రీంకోర్టు చెప్పింది. 2001 ఏప్రిల్ 17న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. దాదాపు 64 శాతం పాత జెండాయే కావాలన్నారు. ఓట్లు చాలావరకు ఒంటి రంగును బట్టే చీలాయి. అప్పటికి నల్లవాళ్లు జనాభాలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. అమెరికాలో ఏ రాష్ట్రంలో చూసినా అంత నిష్పత్తి లేదు. అయినా ఓడిపోయారు. ఎన్నిసార్లు పెట్టినా ఓడిపోయేవారే.

1955లో భాషాప్రయుక్త రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో బాబాసాహెబ్ ఈ మోసాన్ని విప్పి చెప్పారు. రాజకీయ మెజారిటీ వేరు, సామాజిక మెజారిటీ వేరు అన్నారు. మొదటిది అభిప్రాయాలతో ఏర్పడుతుంది, అభిప్రాయం మారితే మారుతుంది. రెండోది పుట్టుకతో వస్తుంది, మారదు. ఆ పుస్తకంలోనే ఆంధ్ర ఉదాహరణ తీసుకుని, భూమీ ఉద్యోగాలూ వ్యాపారమూ చేతిలో పెట్టుకున్న రెండు మూడు కులాల కింద అంటరానివారు ఎలా బతకాల్సి వస్తుందో హెచ్చరించారు. పుట్టుకతో వచ్చిన మెజారిటీ ముందు ఒక మైనారిటీ ఆత్మగౌరవాన్ని ఓటుకు పెట్టడం వేలం పాట అవుతుంది. దానికి ప్రజాస్వామ్యం అనే పేరు తగదు.

పైగా ఈ ‘ప్రజలే తేల్చాలి’ అన్న సూత్రం ఎప్పుడు గుర్తొచ్చిందో గమనించండి. నల్లవాళ్ల ఓటు లాక్కున్న 1890 రాజ్యాంగాన్ని ప్రజల ఆమోదానికి పెట్టలేదు. సభలో ఆమోదించి అమల్లోకి తెచ్చేశారు. 1894లో జెండాను శాసనసభ ఎక్కించింది, ఎవరినీ అడగలేదు. అవమానాన్ని రుద్దేటప్పుడు అక్కర్లేని ప్రజాభిప్రాయం, దాన్ని తీసేయమన్నప్పుడే పవిత్రమైపోతుంది.

మన నేల మీదే చూద్దాం. 2022 మేలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు అమలాపురం తగలబడింది. ఒక దళిత మంత్రి ఇంటికీ, ఒక బీసీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పుపెట్టారు. ‘పేరులో ఏముంది’ అని మనకు చెప్పేవాళ్లు ఆ మంటల్ని చూసి సమాధానం చెప్పాలి. జైపూర్‌లో రాజస్థాన్ హైకోర్టు ఆవరణలో 1989లో మను విగ్రహం పెట్టారు. తీసేయాలని ఆ ఏడాదే న్యాయమూర్తులు తీర్మానించారు, దాని మీద స్టే వచ్చింది, విగ్రహం అక్కడే ఉండిపోయింది. 2018లో దాని మీద నల్లరంగు పోసిన ఇద్దరు మహిళలు మాత్రం అరెస్టయ్యారు. గుర్తులకు బలం లేకపోతే వాటిని ఇంత గట్టిగా కాపలా కాయరు.

మరి 2020లో జెండా ఎలా దిగింది? 2015 జూన్‌లో చార్ల్స్‌టన్ చర్చిలో ప్రార్థన చేసుకుంటున్న 9 మంది నల్లవాళ్లను ఒక శ్వేతజాతి ఉన్మాది కాల్చి చంపాడు. ఈ జెండాతో వాడు దిగిన ఫొటోలు బయటపడ్డాయి. పది రోజుల తర్వాత బ్రీ న్యూసమ్ అనే నల్లజాతి మహిళ దక్షిణ కరోలినా శాసనసభ ముందున్న స్తంభం ఎక్కి జెండాను ఊడదీసి అరెస్టయింది. ఆ రాష్ట్రం జూలైలో దించేసింది. మిసిసిపీలో యూనివర్సిటీ విద్యార్థులు తమ క్యాంపస్‌లో దించేయించారు. శాసనసభ మాత్రం కదల్లేదు. బిల్లులు ఏటా కమిటీల్లోనే చచ్చిపోయాయి.

అయిదేళ్లు కదలని సభ 2020 జూన్‌లో కొద్ది రోజుల్లో కదిలింది. ఈ జెండా ఉంటే మీ దగ్గర ఛాంపియన్‌షిప్ పోటీలు పెట్టబోమని కాలేజీ క్రీడా సంఘాలు చెప్పాయి. జెండా మార్చకపోతే ఈ రాష్ట్రం తరఫున ఆడనని మిసిసిపీ స్టేట్ ఫుట్‌బాల్ ఆటగాడు కైలిన్ హిల్ ప్రకటించాడు. జూన్ 28న ప్రతినిధుల సభలో 91-23, సెనేట్‌లో 37-14 ఓట్లతో బిల్లు గెలిచింది. చర్చిలో 9 శవాలకు కరగనివాళ్లు ఫుట్‌బాల్ ఆదాయం పోతుందంటే కరిగారు.

దీన్ని చూసి ‘కంపెనీల ఒత్తిడే కదా’ అని తేల్చేయడం తప్పు. దక్షిణాది కాలేజీ ఫుట్‌బాల్ నడిచేది నల్లజాతి కుర్రాళ్ల ఒంటి బలం మీద. వాళ్లు ఆ బలాన్ని వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో పాలకులకు తెలుసు. 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కొట్టాక, గుజరాత్ దళితులు కళేబరాలు ఎత్తం పొమ్మన్నారు, తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేశారు. రెండిటిలోనూ ఉన్నది ఒకే సూత్రం. ఎవరి శ్రమ మీద ఆధిపత్యం నిలబడిందో వాళ్లు చెయ్యి తీసేస్తే అది ఊగుతుంది.

అయితే ఊగడం వేరు, కూలడం వేరు. 1890 రాజ్యాంగం నేటికీ మిసిసిపీ రాజ్యాంగమే. పోల్ ట్యాక్స్, చదువు పరీక్ష పోయాయి కానీ 241వ సెక్షన్ ఉంది. ఏ నేరాలు చేస్తే జీవితాంతం ఓటు పోతుందో అందులో జాబితా రాశారు. దొంగతనం, ఫోర్జరీ, మోసంతో డబ్బు తీసుకోవడం లాంటివి అందులో ఉన్నాయి. హత్య, అత్యాచారం లేవు! నల్లవాళ్లు చేస్తారని తాము అనుకున్న నేరాలనే ఏరి పెట్టారు. హత్యనూ అత్యాచారాన్నీ 1968లో గానీ చేర్చలేదు. ఒక జాతిని ముందే నేరస్థుల లెక్కలో రాసుకుని చట్టం చేయడం అంటే ఏమిటో స్టువర్టుపురం ఎరుకలవాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. పోయిన ఓటు తిరిగి రావాలంటే గవర్నర్ క్షమాభిక్ష కావాలి, లేదా రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. జీవితకాల నిషేధం రాజ్యాంగ విరుద్ధం కాదని 2024లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. అమెరికా పార్లమెంటు భవనంలో మిసిసిపీ తరఫున నిలబెట్టిన రెండు విగ్రహాల్లో ఒకటి కాన్ఫెడరసీ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌ది, రెండోది 1890 రాజ్యాంగం వెనకున్న ప్రధాన బుర్ర జేమ్స్ జార్జ్‌ది. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టినరోజు సెలవునే కాన్ఫెడరేట్ సేనాని రాబర్ట్ లీ పేరు మీద కూడా జరుపుతారు. 1890 తర్వాత మిసిసిపీలో రాష్ట్రమంతా ఓటేసే ఏ పదవికీ నల్లవాళ్లెవరూ ఎన్నిక కాలేదు.

జార్జియా ఇంకా తెలివైంది. గొడవ తెచ్చిన గుర్తును 2001లో చిన్న బొమ్మగా కుదించి, 2003లో పెట్టుకున్న జెండాను కాన్ఫెడరసీ తొలి జాతీయ జెండా పోలికలో కుట్టించుకుంది. జనానికి ఆ పోలిక తెలియదు కాబట్టి గొడవ లేదు.

‘అందుకే మేం చెప్పాం, గుర్తుల పోరాటం దండగ’ అని ప్రగతిశీల మిత్రులు ఇక్కడ అందుకుంటారు. యూనివర్సిటీ సెమినార్ గదుల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. కూడూ గుడ్డా ముందు, ఆత్మగౌరవం తర్వాత అట. మిసిసిపీ చరిత్ర దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెబుతున్నది. అక్కడ చట్టమూ జెండా నాలుగేళ్ల తేడాతో ఒకే వర్గం చేతుల మీదుగా వచ్చాయి. ఓటు లాక్కోవడానికి చట్టం కావాలి, లాక్కున్నది సహజమే అనిపించడానికి జెండా కావాలి. జంటగా వచ్చినవాటితో జంటగానే పోరాడాలి. వారసత్వపు అబద్ధం ఒలిచిన చోటే 241వ సెక్షన్ ఎందుకు పుట్టిందో కనబడుతుంది.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. హైదరాబాద్‌లో 2023లో బాబాసాహెబ్‌కు 125 అడుగుల విగ్రహం లేచింది. 2024 జనవరిలో విజయవాడలో అంతే ఎత్తు విగ్రహం ఇంకా ఎత్తైన పీఠం మీద లేచింది. అవి మన గౌరవం, మనకు కావాలి. కానీ భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలన్న హామీ ఎక్కడ ఆగిందో కూడా మనకు తెలుసు. విగ్రహానికి స్థలం దొరికినంత తేలిగ్గా వాడకు భూమి దొరకదు. పాలకులు గుర్తును ఇచ్చి హక్కును ఎగ్గొట్టాలని చూస్తారు. మిత్రులేమో హక్కు పేరు చెప్పి గుర్తును వదిలేయమంటారు. రెండూ మన నోరు మూయించే మాటలే.

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లతోనూ ఒక మాట. మీకు వీసా దారి తెరిచిన 1965 వలస చట్టం, నల్లవాళ్లు నెత్తురు చిందించి నడిపిన పౌరహక్కుల ఉద్యమం సృష్టించిన వాతావరణంలో వచ్చింది. 2023లో కాలిఫోర్నియాలో కుల వివక్ష బిల్లును అడ్డుకోవడానికి మనవాళ్లు కొందరు అందుకున్నదీ ‘మా సంస్కృతి మీద దాడి’ అన్న మాటే. మిసిసిపీ తెల్ల దొరలు తమ జెండా చుట్టూ నూరేళ్లకు పైగా చుట్టుకున్న మాట కూడా అదే.

2020 నవంబర్‌లో మిసిసిపీ ఓటర్లు మాగ్నోలియా పువ్వున్న కొత్త జెండాను 70 శాతానికి పైగా మద్దతుతో ఎంచుకున్నారు. మంచిదే. ఒకప్పుడు చిన్న దొంగతనానికి శిక్షపడి, శిక్షంతా అనుభవించి బయటికొచ్చిన నల్లజాతి మనిషికి మాత్రం ఆ జెండా మీద కూడా ఓటు లేదు. అతని ఓటు 1890లోనే పోయింది. అది తిరిగొచ్చేదాకా పాత జెండా మిసిసిపీలో ఎగురుతూనే ఉన్నట్టు లెక్క.