చైనా చదువుకు మంచి పొరుగు

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణలో ప్రాణాలిచ్చిన 20 మంది భారత సైనికుల్లో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు ఒకరు. అంతవరకు పటంలో ఎక్కడో పైన గీతలా కనిపించిన సరిహద్దు ఆ వారం తెలుగువాళ్ల గుమ్మంలోకి వచ్చింది. చైనాను దాని భాషలోనే చదివి, అక్కడి పాలకుల ఆలోచనను, ప్రజల జీవితాన్ని మనకు విడమరిచి చెప్పగల తెలుగువాళ్లు ఎంత తక్కువమందో కూడా అప్పుడే తెలిసొచ్చింది. అందుకే మన ప్రాంతం నుంచి ఒక విద్యార్థి చైనా అధ్యయనంలో పీజీ చేస్తానంటే ఆ నిర్ణయానికి అందరం అండగా నిలవాలి. ఆ చదువు ఎక్కడ, ఎవరి మధ్య సాగాలన్నది కూడా అంతే శ్రద్ధగా ఆలోచించాలి.

ఇలాంటి విద్యార్థుల చూపు పడే విశ్వవిద్యాలయాల్లో ఆక్స్‌ఫర్డ్ ఒకటి. అక్కడి దరఖాస్తులో కోర్సుతో పాటు మరో ప్రశ్న ఎదురవుతుంది: ఏ కాలేజీలో చేరతారు? మన దగ్గర కాలేజీ అంటే పాఠం చెప్పే చోటు. అక్కడ పీజీ విద్యార్థిని ఎంపిక చేసేదీ, పాఠం చెప్పేదీ విశ్వవిద్యాలయంలోని విభాగం. కాలేజీ ఇచ్చేది గది, భోజనాల హాలు, కామన్ రూమ్, కష్టమొస్తే వినే ఒక సలహాదారు. ఏ కాలేజీ పేరు రాసినా సీటు వచ్చే అవకాశం పెరగదు, తగ్గదు. పేరు రాయకపోయినా సీటు వచ్చినవారికి ఏదో ఒక కాలేజీ దొరుకుతుంది. ఈ సంగతి తెలిసినవారు ఆ కాలమ్‌ను ఖాళీగా వదిలేయవచ్చు. తెలియనివారు సినిమాల్లో చూసిన పాత రాతి కట్టడం పేరు రాసేయవచ్చు. రెండూ పొరపాటే. చైనా అధ్యయనానికి వెళ్లే మన పిల్లల్లో ఎక్కువమందికి, పీజీ విద్యార్థుల కోసమే ఏర్పడిన కాలేజీ మేలు చేస్తుందన్నది నా అభిప్రాయం.

ఎందుకంటే చైనా చదువు తోడు కోరే చదువు. ఆక్స్‌ఫర్డ్‌లో 1876లో తొలి చైనా భాషా ఆచార్యుడైన జేమ్స్ లెగ్‌నే చూడండి. చైనా ప్రాచీన గ్రంథాలను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన ఆ మహా కృషిలో ఆయన పక్కన వాంగ్ తావ్ అనే చైనా పండితుడు ఉన్నాడు. హాంకాంగ్‌లో మొదలైన ఆ సాహచర్యాన్ని వదులుకోలేక లెగ్ ఆయనను 1867లో తన స్వదేశం స్కాట్లాండ్‌కు రప్పించుకున్నాడు. కేంబ్రిడ్జ్‌లో జీవరసాయన శాస్త్రవేత్తగా స్థిరపడిన జోసెఫ్ నీడమ్‌కు మొదట చైనాతో సంబంధమే లేదు. 1937లో పరిశోధన కోసం కేంబ్రిడ్జ్‌కు వచ్చిన చైనా శాస్త్రవేత్తల్లో లూ గ్వేజెన్ అనే యువతి ఉంది. ఆమెతో, ఆమె సహచరులతో సాగిన మాటల్లోంచే ఆయనకు చైనా మీద ఆసక్తి పుట్టింది. నలభైకి చేరువైన వయసులో ఆ భాష నేర్చుకున్నాడు. చైనా విజ్ఞాన చరిత్ర మీద ఆయన బృహద్గ్రంథం తొలి సంపుటి 1954లో వెలువడింది. ఆ మలుపు ఏ సిలబస్‌లోనూ రాసి లేదు.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన నేల మీదే ఉంది. ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యుయాన్‌త్సాంగ్ మన ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగిపోయాడు. అక్కడ ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘిక అభిధర్మం చదువుకున్నాడు. వారు ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదువుకున్నారు. ఆ తరువాత ముగ్గురూ కలిసి తీర్థయాత్రకు బయలుదేరారని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఒకే చోట ఉంటూ, ఒకరికొకరు గురువులై నేర్చుకోవడం మనకు కొత్త కాదు. పీజీ కాలేజీని ఈ దృష్టితో చూస్తే దాని విలువ అర్థమవుతుంది.

ఇక ఎంపిక సంగతి. ఆక్స్‌ఫర్డ్ చైనా సెంటర్ ఉన్నది సెయింట్ హ్యూస్ కాలేజీ ఆవరణలో. ఆ సెంటర్ నడిచే, 2014లో ప్రారంభమైన డిక్సన్ పూన్ భవనంలోనే చైనా పుస్తకాల లైబ్రరీ కూడా ఉంది. దాంతో సెయింట్ హ్యూస్‌లో చేరితే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అది మంచి కాలేజీ. కానీ ఆ లైబ్రరీ తలుపు ఏ కాలేజీ విద్యార్థికైనా తెరిచే ఉంటుంది. సెయింట్ హ్యూస్‌లో డిగ్రీ విద్యార్థులూ ఉంటారు. పద్దెనిమిదేళ్లవారి సందడికీ, ఉద్యోగం మానేసి అప్పు చేసి వచ్చిన పాతికేళ్ల విద్యార్థి అవసరాలకూ తేడా ఉంటుంది.

సెయింట్ ఆంటనీస్ కాలేజీ అక్కడికి కొద్ది నిమిషాల నడక. ఏడెన్‌లో వ్యాపారం చేసిన ఫ్రెంచి వర్తకుడు ఆంటోనిన్ బెస్ ఇచ్చిన డబ్బుతో దాన్ని 1950లో స్థాపించారు. అక్కడ అందరూ పీజీ విద్యార్థులే. ఆసియా, రష్యా, పశ్చిమాసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల అధ్యయన కేంద్రాలు ఆ ఒక్క కాలేజీలోనే ఉన్నాయి. జపాన్ మీద నిస్సాన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. చైనా రాజకీయాలు, ఆర్థిక వ్యవస్థ, విదేశాంగ విధానం చదివేవారికి ఇంతకంటే మంచి పొరుగు దొరకడం కష్టం. చైనాను చైనా నుంచి మాత్రమే చూస్తే సగమే కనిపిస్తుంది. మాస్కో, టోక్యో, నైరోబీల నుంచి అది ఎలా కనబడుతుందో భోజనాల బల్ల దగ్గరే వినగలిగితే మిగతా సగం అందుతుంది.

ప్రాచీన చైనా, బౌద్ధం, టిబెట్ వైపు మొగ్గేవారికి నా సలహా వూల్ఫ్‌సన్ కాలేజీ. తత్వవేత్త ఐజయా బెర్లిన్ తొలి అధ్యక్షుడిగా దానిని తీర్చిదిద్దారు. పాత కాలేజీల్లో ఆచార్యులు ఎత్తైన వేదిక మీద వేరే బల్ల దగ్గర భోంచేస్తారు. ఇక్కడ ఆ వేదికే లేదు, అంతా సహపంక్తి భోజనమే. టిబెట్, హిమాలయ ప్రాంతాల అధ్యయనానికి ఇక్కడ ప్రత్యేక పరిశోధక బృందం ఉంది. టిబెట్‌ను పక్కనపెట్టి చైనాను అర్థం చేసుకోలేని భారతీయ విద్యార్థికి ఇది పెద్ద ఆకర్షణ. భార్యాబిడ్డలతో వెళ్లేవారిని కలుపుకొనిపోయే వాతావరణం కూడా ఆ కాలేజీకి మొదటి నుంచీ ఉంది. చైనా సెంటర్‌కు కాస్త దూరమే అయినా నడిచిపోగల దూరమే.

పాత కాలేజీల దగ్గర నిధులు ఎక్కువ, స్కాలర్‌షిప్పులు ఎక్కువ అనే వాదన ఉంది. కాదనలేం. కొన్ని స్కాలర్‌షిప్పులు ఫలానా కాలేజీలో చేరినవారికే వస్తాయి. సొంత డబ్బు లేని విద్యార్థి మొదట స్కాలర్‌షిప్ చూడాలి, తరువాతే కాలేజీ. ఆ విషయంలో మొహమాటం అక్కర్లేదు. ఆర్థిక భారం తేలిన తరువాత మాత్రం పేరు, వయసు, గోపురాలు చూసి మోసపోవద్దు. అక్కడ ఒక్కో టర్మ్ ఎనిమిది వారాలే, ఏడాదికి మూడు టర్ములే. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ చీకట్లో తలుపు తట్టి పలకరించే మనిషి ఉన్నారా లేదా అన్నదే చదువు నిలబడుతుందో లేదో తేలుస్తుంది. అందుకే గది కోర్సంతా ఇస్తారా, సెలవుల్లో ఖాళీ చేయమంటారా, వారాంతాల్లో భోజనం ఉంటుందా, మీ విభాగం విద్యార్థులు ఆ కాలేజీలో ఎందరున్నారు అన్న ప్రశ్నలు ముందే అడగాలి. అడగడం చిన్నతనం కాదు.

చేరిన తరువాత ఒక బాధ్యత ఉంది. మన భాష మాట్లాడేవారితో కలిసి వండుకు తినడం ఊరటే. కానీ రోజూ ఆ వంటగదిలోనే గడిస్తే అంత దూరం వెళ్లిన ప్రయోజనం దక్కదు. చైనా నుంచి వచ్చిన సహవిద్యార్థిని అక్కడి ప్రభుత్వ ప్రతినిధిలా నిలదీయకూడదు. గల్వాన్ గురించి మనల్ని అలా నిలదీస్తే ఎంత నొచ్చుకుంటామో వారూ అంతే నొచ్చుకుంటారు. చెప్పలేని మాటలు వారికి ఉంటాయి, వాటిని గౌరవించాలి. మాండరిన్ ఉచ్చారణ దిద్దుకునేది, ఒక చైనా కుటుంబం పండుగ ఎలా చేసుకుంటుందో, పిల్లల పరీక్షల కోసం ఎలా తపిస్తుందో తెలుసుకునేది అలాంటి స్నేహంలోనే. ఆ తపన మన ఇళ్లలోనూ ఉన్నదేనని తెలిసినప్పుడు ఆ దేశం మీద మన చూపు మరింత నిశితమవుతుంది, న్యాయంగానూ ఉంటుంది.

రేపు దరఖాస్తు నింపబోయే విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు నా విన్నపం ఇదే. ఆ కాలమ్‌ను ఖాళీగా వదలకండి. ఒక్క రోజు కేటాయించి, ఇప్పుడు అక్కడ చదువుతున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, ఎవరి పక్కన కూర్చుని రెండు మెతుకులు తింటూ చైనా గురించి వాదించుకోగలరో ఆ చోటును ఎంచుకోండి. ఆ వాదనల్లో రాటుదేలి, చైనా గురించి భయమూ భ్రమా లేకుండా నిజం చెప్పగల మనిషిగా తిరిగి రండి. సూర్యాపేట లాంటి ఊళ్లకు ఆ మనిషి అవసరం చాలా ఉంది.